ఖల్లీవల్లీ అనే ముందు లెక్క ఉండాలి

దుబాయి, షార్జా, అబుదాబి సైట్ల మీద తిరిగే మనవాళ్లకు 'ఖల్లీవల్లీ' అనే మాట కొత్తగా చెప్పనక్కర్లేదు. పోనీయ్, వదిలెయ్, ఏమైతే అదైతది అని దాని అర్థం. అరబ్బుల నోటి మాట, క్యాంపుల్లో మన నోట్లోనూ నానిపోయింది. కొత్త ఫోను కొన్నా ఖల్లీవల్లీ, క్రెడిట్ కార్డు గీకినా ఖల్లీవల్లీ. దీనికి పూర్తిగా ఎదురు రకం కూడా మన మధ్యనే ఉన్నారు. ఒక దిర్హాము ఖర్చు పెట్టాలంటే దాన్ని రూపాయల్లోకి మార్చి, రెండుసార్లు నిట్టూర్చి, ఆ టీ కూడా తాగకుండా లేచిపోయేవాళ్లు. జీతం మీద బతికినంత కాలం ఈ ఇద్దరిలో ఎవరికీ పెద్ద ప్రమాదం లేదు. నెల తిరిగితే జీతం పడుతుంది, తప్పులన్నీ ఆ జీతంలోనే మునిగిపోతాయి. సొంతంగా కాంట్రాక్టు పట్టిన రోజు నుంచి మాత్రం ఇద్దరికీ గండమే.

ఇది ఎందుకు రాస్తున్నామంటే, మేం ఆ బాపతువాళ్లమే. ఊళ్లో పాలిటెక్నిక్‌లో సివిల్ డిప్లొమా చదివి, సూపర్‌వైజర్లుగా వచ్చి, కొన్నేళ్లు కంపెనీల్లో చేసి, తర్వాత సొంత లైసెన్సు మీద చిన్న చిన్న సబ్ కాంట్రాక్టులు పట్టుకుంటున్నవాళ్లం. బ్లాక్ వర్కు, ప్లాస్టరింగు, టైల్సు, పెయింటింగు... ఏది దొరికితే అది. మాలాంటివాళ్లు ఇప్పుడు పెరుగుతున్నారు. యూఏఈలో 2021 జూన్ నుంచి చాలా రకాల వ్యాపారాలకు లోకల్ స్పాన్సర్‌కు 51 శాతం వాటా ఉండాలన్న నిబంధన పోయింది. దాంతో "పదేళ్లు ఇంకొకడి కింద చేసింది చాలు, మనమే మొదలుపెడదాం" అనుకునేవాళ్లు ఎక్కువయ్యారు. మంచిదే. పని తెలిసినవాడు ఎదగాలి. కానీ సైట్ మీద డ్రాయింగు చదవడం వచ్చినంత మాత్రాన చెక్కు చదవడం రాదు. ఆ విషయం గురించే ఈ నాలుగు మాటలు.

మా అభిప్రాయం ముందే చెప్పేస్తాం. సొంత పని చేసుకునేవాడికి పొదుపు, జల్సా రెండూ కావాలి. జల్సా చేయాలంటే ముందు లెక్క తేలాలి. లెక్క నిలబడాలంటే అందులో జల్సాకు కూడా ఒక గది ఉండాలి.

చెక్కు మీద పేరు మనది, సొమ్ము ఎవరిది?

ఒక ఉదాహరణ తీసుకుందాం. అంకెలు ఊహించి వేసినవే, కానీ లెక్క నడిచే తీరు ఇదే. పది మంది పనివాళ్లతో నెల రోజులు పని చేసి 60,000 దిర్హాముల బిల్లు పెట్టామనుకోండి. మెయిన్ కాంట్రాక్టరు అందులో 10 శాతం, అంటే 6,000 రిటెన్షన్ కింద పట్టుకుంటాడు. అది పని అప్పగించాక, గడువు తీరాక వచ్చే డబ్బు. మిగిలిన 54,000కు 5 శాతం వ్యాట్ 2,700 కలిపి 56,700కు చెక్కు రాస్తాడు. అది కూడా చేతికిచ్చిన రోజు తేదీతో కాదు, 60 రోజులో 90 రోజులో ముందు తేదీ వేసి.

ఆ చెక్కు క్యాష్ అయిన రోజు ఫోన్‌కు మెసేజ్ వస్తుంది. సూపర్‌వైజర్‌గా 5,000 జీతం అందుకున్నవాడికి 56,700 అంకె కనిపిస్తే కళ్లు తిరుగుతాయి. సహజమే. ఇప్పుడు ఆ డబ్బులో ఎవరెవరి పేర్లు ఉన్నాయో చూడండి. పది మంది జీతాలు తలా 1,600 చొప్పున 16,000. క్యాంపు గదులు 5,000. వ్యాను, డీజిలు 3,000. సిమెంటు, అడెసివ్, గ్రౌటు లాంటి సామాన్లు 15,000. లైసెన్సు, వీసాలు, మెడికల్ ఇన్సూరెన్సు, పనివాళ్ల గ్రాట్యుటీ వీటికి నెల వాటా 5,000. ప్రభుత్వానికి కట్టాల్సిన వ్యాట్ 2,700. (సామాన్ల మీద మనం కట్టిన వ్యాట్ కొంత లెక్కలో తగ్గుతుంది, అది రిటర్ను వేసేటప్పటి సంగతి.) మొత్తం 46,700. మిగిలింది 10,000.

56,700లో మనది 10,000. అంటే వచ్చిన ప్రతి ఆరు దిర్హాముల్లో ఒకటి. మిగతా అయిదూ ఇంకొకరివి, మన అకౌంటులో కాసేపు కూర్చుని పోయేవి. ఖల్లీవల్లీ అనే అన్న ఈ తేడా చూడకుండా 56,700 తనదే అనుకుంటాడు. అక్కడే కథ మొదలవుతుంది.

కనిపించని బాకీలు

పనివాడికి జీతం బాకీ ఉంటే అందరికీ కనిపిస్తుంది. కనిపించనివి కొన్ని ఉన్నాయి. అవే చిన్న కాంట్రాక్టర్లను ముంచుతాయి.

మొదటిది గ్రాట్యుటీ. మనం ఉద్యోగంలో ఉన్నప్పుడు అది మనకు వచ్చే డబ్బు. ఇప్పుడు మనం ఇవ్వాల్సిన డబ్బు. చట్టం ప్రకారం మొదటి అయిదేళ్లకు ఏడాదికి 21 రోజుల బేసిక్, ఆ తర్వాత ఏడాదికి 30 రోజుల బేసిక్. బేసిక్ 1,000 దిర్హాములు ఉన్న మనిషికి ఏడాదికి 700. పది మందికి 7,000. అయిదేళ్లు కలిసి చేసినవాళ్లు అందరూ ఒకేసారి "ఊరికి పోతాం అన్నా" అంటే 35,000 లెక్కపెట్టాలి. ఆ డబ్బు నెల నెలా పక్కన పెట్టకపోతే ఆ రోజు ఎక్కడి నుంచి తెస్తాం?

రెండోది పన్ను. 2018 జనవరి 1 నుంచి వ్యాట్ ఉంది. 12 నెలల్లో 3,75,000 దిర్హాములు దాటి పని చేస్తే రిజిస్ట్రేషన్ తప్పనిసరి. పైన చెప్పిన లెక్కన నెలకు 60,000 బిల్లు చేసేవాడు ఏడో నెలలోనే ఆ గీత దాటతాడు. కంపెనీలకు 2023 జూన్ నుంచి మొదలయ్యే ఆర్థిక సంవత్సరాలకు కార్పొరేట్ ట్యాక్స్ కూడా వచ్చింది. 3,75,000 దాటిన లాభం మీదే 9 శాతం కాబట్టి మాలాంటివాళ్లలో చాలామందికి కట్టాల్సింది ఏమీ ఉండకపోవచ్చు. అయినా రిజిస్ట్రేషన్ చేసుకోవాలి, లెక్కలు చూపాలి. "మాకు లాభమే లేదు కదా" అని ఊరుకుంటే జరిమానా పడుతుంది.

మూడోది ఎండ. ఏటా జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 వరకు మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడు దాకా బయట ఎండలో పని చేయించకూడదు. చేయించి పట్టుబడితే మనిషికి 5,000 దిర్హాముల జరిమానా. ఆ రూలు ఉండాల్సిందే, అది మనవాళ్ల ప్రాణాలు కాపాడే రూలు. రంజాన్ నెలలో రోజుకు రెండు గంటలు తగ్గుతాయి. ఆ నెలల్లో పని సాగదు, బిల్లు తగ్గుతుంది. క్యాంపు కిరాయి మాత్రం తగ్గదు. జనవరిలో బాగా వచ్చిందని జనవరికే తినేస్తే జులైలో ఏం తింటాం? కార్తెలు చూసి విత్తనాలు దాచుకున్న రైతుల పిల్లలం మనం. ఇక్కడి కార్తెలు కూడా నేర్చుకోవాలి.

ఊరికి బిల్లు ఒక్కటే తెలుస్తుంది

"మావాడు దుబాయిల కంపెనీ పెట్టిండు" అని ఊళ్లో ఒక్కసారి పాకితే చాలు. బావమరిదికి బండి కావాలి, చిన్నాయన కూతురి పెళ్లికి చేయూత కావాలి, గుడి కమిటీకి చందా కావాలి, ఎన్నికలొస్తే నిలబడినవాళ్లంతా ఫోన్ చేస్తారు. జీతగాడిగా ఉన్నప్పుడు వెయ్యి అడగడానికి మొహమాటపడినవాళ్లు ఇప్పుడు లక్ష అడుగుతారు. వాళ్ల తప్పు లేదు. బిల్లు 60,000 అని మనమే గొప్పగా చెప్పుకున్నాం, మిగిలేది 10,000 అని చెప్పలేదు.

అందుకే మేం గట్టిగా చెప్పే మాట ఒకటుంది. ఇంట్లో భార్యకు బిల్లు అంకె కాదు, మిగులు అంకె చెప్పండి. నెలకు ఇంటికి ఇంత అని ఒక మొత్తం అనుకుని, చెక్కు పెద్దదైనా చిన్నదైనా అదే పంపండి. ఇంటి దగ్గర ఆడవాళ్లకు లెక్కలు తెలియవనుకోవడం మన భ్రమ. డ్వాక్రా గ్రూపుల్లో వాయిదాలు లెక్కపెట్టి కట్టేది వాళ్లే. సంగతి చెబితే బావమరిదికి సమాధానం వాళ్లే చెబుతారు.

ఇంకో ఆశ ఉంది, దాని పేరు రేటు. దిర్హాము 1997 నుంచి డాలరుకు 3.6725 దగ్గర కట్టేసి ఉంది. డాలరు మీద రూపాయి పడినప్పుడల్లా మనకు రేటు పెరుగుతుంది, ఎక్స్‌ఛేంజి ముందు వరస కడతాం. మన మిగులు పంపితే మంచిదే. కానీ రేటు బాగుందని జీతాల కోసం పెట్టిన డబ్బు కూడా ఊరికి తోసేసి, జీతాల తారీఖు రాగానే ఇక్కడ చేబదులు వెతికేవాళ్లు ఉన్నారు. అక్కడ కలిసొచ్చింది కిలోకు రూపాయి అయితే ఇక్కడ పోయేది పది. ఊళ్లో నూటికి రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 24 శాతం. అలాంటి అప్పు తల మీద ఉన్నవాడు ముందు దాన్ని తీర్చుకోవాలి. ఏ రేటూ అంత లాభం ఇవ్వదు.

మరీ బిగించినా పగులుతుంది

ఇక రెండో రకం అన్న సంగతి. ఈయనను ఎవరూ తప్పు పట్టరు, "బుద్ధిమంతుడు, జాగ్రత్తపరుడు" అంటారు. కానీ ఆయన లెక్కలోనూ ఒక బొక్క ఉంది.

పొడవాటి స్లాబుకు మధ్యలో ఎక్స్‌పాన్షన్ జాయింటు ఎందుకు వదులుతామో సైట్ మీద పని చేసే ప్రతివాడికీ తెలుసు. ఎండకు కాంక్రీటు సాగుతుంది. సాగడానికి చోటు ఇవ్వకపోతే అది తనకు నచ్చిన చోట పగులుతుంది. మనిషి కూడా అంతే. మూడేళ్లు ఊరికి పోకుండా, పన్ను నొప్పి వచ్చినా బిళ్లతో సర్దుకుంటూ, పచ్చడి మెతుకులతో గడిపినవాడు నాలుగో ఏడు ఊరికి పోయినప్పుడు చూడండి. బంగారం, రెండు సూట్‌కేసుల సెంట్లు, చాక్లెట్లు, దోస్తులకు దావతులు, నెల తిరిగేసరికి మూడేళ్ల పొదుపు ఖాళీ, వచ్చేటప్పుడు టికెట్టుకు అప్పు. ఆయన ఖర్చు చేయని మనిషేమీ కాదు. ఖర్చంతా ఒక్కచోట పోగేసి ఒకేసారి పగిలిన మనిషి.

అంతకంటే చెడ్డ సంగతి ఇంకొకటి. కాంట్రాక్టరుకు చెయ్యి బిగుసుకుంటే దెబ్బ ముందు తగిలేది పనివాళ్లకు. చిరిగిన సేఫ్టీ బెల్టు మార్చడు. నలుగురుండే గదిలో ఎనిమిది మందిని పెడతాడు. సైట్ మీద చల్లటి నీళ్లకు కూడా లెక్క చూస్తాడు. ఇది పొదుపు అనిపించుకోదు. మన జేబు కాపాడుకోవడానికి ఇంకొకరి ఒంటి మీద చేసే అప్పు అది. ఒక్క మనిషి స్కాఫోల్డింగ్ మీద నుంచి పడితే, జగిత్యాలలోనో కడపలోనో ఒక ఇల్లు కూలుతుంది. అప్పుడు మనం మిగిల్చిన వంద దిర్హాములు ఏం చేసుకుంటాం? బెల్టు, నీళ్లు, గది, మందు వీటికి బడ్జెట్‌లో కోత ఉండకూడదు. కోయాల్సి వస్తే ముందు మన వాటాలో కోయాలి.

ఆజాద్ వీసా మీద వచ్చి "మేమూ సొంత పనే చేసుకుంటున్నాం" అనే తమ్ముళ్లకు కూడా ఒక మాట. చట్టంలో ఆజాద్ వీసా అనేది లేదు. వీసా ఒకరిది, పని ఇంకొకరిది అంటే పర్మిట్ లేకుండా పని చేస్తున్నట్టే. నెల నెలా కఫీల్‌కు కట్టేది పోను ఎంత పొదుపు చేసినా, ఒక్క తనిఖీతో అంతా పోవచ్చు. ముందు కాగితాలు సరి చేసుకోండి, లెక్కల పుస్తకం ఆ తర్వాత తెరవండి.

మేం పాటిస్తున్న పద్ధతి

ఇందులో పెద్ద విద్య ఏమీ లేదు. చెక్కు క్యాష్ అయిన రోజే, దాన్ని ముట్టుకోకముందే అందులో ఎవరి డబ్బు ఎంతో పేర్లు రాసి విడదీయాలి. పైన చెప్పిన 46,700 ముందు పక్కకు పోతుంది. వీలైతే వేరే అకౌంటులోకి, లేకపోతే కనీసం పుస్తకంలో వేరే పేజీలోకి. పన్ను డబ్బును, గ్రాట్యుటీ డబ్బును చేబదులుగా కూడా వాడకూడదు.

మిగిలిన 10,000లో 5,000 మన జీతం. సూపర్‌వైజర్‌గా అందుకున్న దానికంటే ఎక్కువ తీసుకోకూడదని మేం పెట్టుకున్న కట్టుబాటు. ఇల్లు, మన తిండి, మన ఫోను అన్నీ అందులోనే. 3,000 ఎండాకాలం డబ్బాలోకి. చెక్కులు 60 రోజులకు వస్తే జీతాలు మాత్రం నెల నెలా ఇవ్వాలి కాబట్టి, కనీసం రెండు నెలల జీతాలు, అంటే మన ఉదాహరణలో 32,000 చేతిలో ఉండాలి. నెలకు 3,000 చొప్పున అది జమ కావడానికి దాదాపు 11 నెలలు పడుతుంది. ఆ 11 నెలలు కొత్త పెద్ద పని ఒప్పుకోకుండా ఉండగలిగినవాడే నిలబడతాడు. ఇంకో 1,000 మన సొంత గ్రాట్యుటీ. మనకు ఇచ్చే యజమాని లేడు కాబట్టి మనకు మనమే ఇచ్చుకోవాలి.

చివరి 1,000 ఖుషీ డబ్బా. దానికి లెక్క అడగకూడదు. బిర్యానీ తింటారో, సినిమా చూస్తారో, బిడ్డకు వాచీ కొంటారో, క్రికెట్ మ్యాచ్‌కు పోతారో మీ ఇష్టం. అయిపోతే వచ్చే చెక్కు దాకా ఆగాలి, అంతే షరతు. ఊరికి పోయినప్పుడు పంచిపెట్టేది కూడా ఈ డబ్బాలో పోగైనదే. పది నెలలు కూడబెడితే 10,000 దిర్హాములు. ఎవరికీ తక్కువ చేయకుండా, అప్పు చేయకుండా పండుగ చేసుకోవచ్చు. ఖల్లీవల్లీ అనే హక్కు అప్పుడు వస్తుంది.

మా మాటకు అడ్డు చెప్పేవాళ్లు ఉన్నారు. "ఇంత భయపడితే వ్యాపారం ఏం చేస్తారు? డబ్బు తిరగాలి, రిస్కు తీసుకోవాలి" అంటారు. నిజమే, తిప్పకపోతే పెరగదు. కానీ తిప్పాల్సింది మన డబ్బు. పనివాడి జీతం తిప్పే హక్కు మనకు ఎవరిచ్చారు? యూఏఈలో 2009 నుంచి జీతాలు డబ్ల్యూపీఎస్ ద్వారా బ్యాంకు దారిలోనే పోవాలి. ఆలస్యమైతే ప్రభుత్వానికి వెంటనే తెలిసిపోతుంది, కొత్త లేబర్ పర్మిట్లు ఆగిపోతాయి. పర్మిట్లు ఆగితే పని ఆగుతుంది, పని ఆగితే చెక్కు ఆగుతుంది.

చెక్కు బౌన్సుకు ఇప్పుడు జైలు లేదు కదా అని ఇంకొందరు ధీమాగా ఉన్నారు. 2022 జనవరి నుంచి అకౌంటులో డబ్బు చాలక తిరిగొచ్చిన చెక్కు చాలావరకు సివిల్ వ్యవహారమైంది, నిజమే. కానీ చెక్కు పట్టుకున్నవాడు నేరుగా ఎగ్జిక్యూషన్ కోర్టుకు పోవచ్చు. అకౌంటు, ఆస్తి జప్తు కావచ్చు, ప్రయాణానికి అడ్డు పడవచ్చు. అమ్మకు బాగోలేదని ఫోన్ వచ్చిన రోజు ఎయిర్‌పోర్టులో ఆగిపోవడం జైలు కంటే తక్కువ శిక్షా?

మంచి రోజులు ఎప్పుడూ ఉంటాయనుకోవడానికి లేదు. 2009 నవంబరులో దుబాయ్ వరల్డ్ అప్పుల చెల్లింపు వాయిదా అడిగింది. ఆ దెబ్బకు సైట్లు ఎలా ఆగాయో మా సీనియర్లు ఇప్పటికీ చెబుతారు. 2020లో కరోనా వచ్చింది, మే 7 నుంచి వందే భారత్ విమానాలు నడిచాయి. ఆ రెండుసార్లూ పెద్ద కంపెనీలు బ్యాంకులతో మాట్లాడుకున్నాయి. చిన్న కాంట్రాక్టరుకు మాట్లాడుకోవడానికి తన డబ్బా తప్ప ఎవరూ లేరు.

అన్నలూ, తమ్ముళ్లూ, కొత్తగా లైసెన్సు తీద్దామనుకుంటున్న డిప్లొమా పిల్లలూ! కాంట్రాక్టరు ఎంత పెద్దవాడో చూడాలంటే ఆయన బండిని చూడకండి, ఆయన దగ్గర పని చేసేవాళ్లకు జీతాలు ఏ తారీఖున పడుతున్నాయో అడగండి. తారీఖు తప్పకుండా జీతాలు పడిన ఆదివారం అందరినీ తీసుకుని కరామాకు పోండి, కడుపునిండా తినండి, బిల్లు మీరే కట్టండి. ఆ రోజు లెక్క అడిగేవాడు ఎవడూ ఉండడు.